ఏడు చోట్ల ‘మనము’

రోజు 8031

చీకటిపేట ఆరో వరుసలో నివసించు సమస్త జనులకూ, వారి పిల్లలకూ, పిల్లులుంటే వాటికీ చాటింపు వేయించడమేమనగా: వరహాలమ్మ జల్లెడ కొట్టులో చోడిపిండి డబ్బా మూత ఈ ఉదయం నుంచి కనబడుట లేదు. తీసినవారు ఎంతటివారైనా సరే, సాయంత్రం గంట కొట్టేలోగా తెచ్చి పెట్టి, ఏమీ ఎరగని మొహంతో వెళ్ళిపోవచ్చును. పెట్టనిచో పిండిలో దుమ్ము పడును. ఆ దుమ్ముతో కాచిన అంబలి అందరమూ తాగుదుము. ఆ అందరిలో మూత తీసినవారు కూడా ఉందురు. ఇట్లు, యజమాని.

దీన్ని నల్లబల్ల మీద సుద్దతో రాసి పెట్టాను. నా దగ్గర బ్రష్షు పట్టే కూర్మన్న కొట్టులోకి వస్తూనే రెండు గెంతుల్లో బల్ల ముందుకి చేరి, పెదాలు కదుపుతూ చదివాడు.

“చంద్రుడి మీద పిల్లులేటప్పా” అన్నాడు. మూత గురించి అడగలేదు.

మూత నా సంచిలోనే ఉంది. యాభై నాలుగేళ్ళొచ్చినా ఈ బుద్ధి పోలేదు. చేసిన తర్వాత వచ్చే నవ్వు మాత్రం ఈమధ్య రావడం లేదు. మధ్యాహ్నం నేనే తీసి డబ్బాకి పెట్టేశాను.

ఈ వారం దులిపిన జల్లెడలు నలభై. ఆ అంకె ఎడమ గడిలో వేశాను. వార్డు ఆఫీసు గుమస్తా ఈ కొట్టు లెక్కల పుస్తకంలో ఎడమ గడి ఒక్కటే చదువుతుంది. గుమస్తా అంటే మనిషి కాదు, గోడలో బిగించిన పెట్టె. దానికి అంకెలు చాలు. ‘విశేషాలు’ అని పేరు పెట్టిన ఈ కుడి గడిని ఇరవై రెండేళ్ళుగా ఎవరూ చదవలేదు కాబట్టి నాకు నచ్చింది రాసుకుంటున్నాను.

రోజు 8033

ఆరో వరుసలో నలభై ఇళ్ళు. ఇంటికొక గాలి జల్లెడ, లోపలికొచ్చే గాలిలోని దుమ్ము పట్టడానికి. వారం తిరిగేసరికి ప్రతి జల్లెడా బూడిదరంగు దుమ్ముతో గోనెపట్టాలా అయిపోతుంది. నేను బండి మీద తెస్తాను, చిరుగులు కుడతాను, తిరిగిచ్చి వస్తాను. బ్రష్షు పట్టేది నలుగురు. తలా పది. నీళ్ళతో కడిగితే సుఖమే. కానీ ఇక్కడ నీళ్ళు తాగడానికే కొలిచి పోస్తారు.

ఇవాళ అంబలి తాగే వేళ పైడితల్లి నా ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ మాటలు పొదుపుగా వాడే మనిషి. వెనక ఎర్నమ్మ, ఆ వెనక కూర్మన్న. అప్పలకొండ మాత్రం దుమ్ము లాగే గొట్టం దగ్గర జల్లెడ పట్టుకుని అటు తిరిగి ఉన్నాడు.

“అప్పా, ఇది నువ్వే పెట్టెలో వెయ్యాల” అంది పైడితల్లి.

“ఏటిది, శుభలేఖా? ఎవులికే పెళ్ళి?”

“సంగం కాయితం.”

ఎర్నమ్మ గబగబా అందుకుంది. “నీ మీద కోపం కాదప్పా. అలాగనుకోకు.”

“కోపం లేకుండా కూడా కాయితాలు రాస్తారా” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

సంఘం కాగితం చేత్తోనే రాయాలి, యంత్రం రాసింది చెల్లదు. యజమాని తన చేత్తో వార్డు పెట్టెలో వెయ్యాలి, నాకు అందలేదని తర్వాత బొంకడానికి వీల్లేకుండా. ఈ రెండో నిబంధన ఎలా వచ్చిందో నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళ కింద పెద్ద కంపెనీ జల్లెడశాలలో పళ్ళేలు వాయించుకుంటూ పంతొమ్మిది రోజులు సమ్మె చేసి తెచ్చాం. ముందు వరసలో పళ్ళెం వాయించిందాన్ని నేనే. నా పక్కన వాయించినవాడు ఈ అప్పలకొండ.

కాగితంలో కోరికలు మూడు. ముళ్ళూడిన బ్రష్షులు మార్చాలి. మూతి గుడ్డలు వారానికొకటి కొత్తవి ఇవ్వాలి. యాభై అయిదు దాటిన వారికి దుమ్ములేని పని చూపించాలి. మూడోది చదివి నాకు చిరాకేసింది. జల్లెడ కొట్టులో దుమ్ములేని పని ఎక్కడుంటుంది? నేను మాత్రం రోజూ ఆ దుమ్ములో కూర్చుని కుట్టడం లేదా?

రోజు 8034

నాలుగిళ్ళకి జల్లెడలు ఇచ్చి, కాగితం పెట్టెలో వేశాను. మోకాళ్ళు నొప్పి.

రోజు 8037

గుమస్తా పిలిచింది. వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. అది పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. ఎవరు నేర్పారో గానీ, దానితో మాట్లాడి వస్తే నాకు రెండు రోజులు నాలుక తిరగదు.

“విజ్ఞప్తి నమోదైనది. సంఘ సభ్యులు అయిదుగురు” అంది.

“నలుగురు. మళ్ళీ లెక్కపెట్టు” అన్నాను.

“అయిదుగురు. విజ్ఞప్తి ఇట్లు ప్రారంభమగుచున్నది: మనము ఈ కొట్టులో పని చేయుచున్నాము, మనకు కొన్ని ఇబ్బందులు కలవు. మనము అను సర్వనామము వినువారిని కలుపుకొనును. మేము అనునది వినువారిని విడిచిపెట్టును. విజ్ఞప్తి యజమానిని ఉద్దేశించి రాయబడినది. కావున వినువారు యజమాని. కావున యజమాని సభ్యురాలు. ఈ ప్రయోగము ఏడు చోట్ల కలదు. ఒక చోట ఉన్నచో పొరపాటని భావించెడిదానను.”

“యజమాని సంఘంలో ఎలా ఉంటుంది, పిచ్చి పెట్టె?”

“ఉండరాదని నిబంధన లేదు. ఎవరును ఊహించనందున.”

బండి తోసుకుంటూ కొట్టుకి వచ్చేశాను. ఆ పొరపాటు ఎలా జరిగిందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొట్టులో నడిచే మాట అదే. మన బ్రష్షులు, మన గొట్టం, మన బండి చక్రం మళ్ళీ ఊడింది. పైడితల్లి కలం పట్టుకుంటే అలవాటుగా కాగితం మీదకి కూడా అదే వచ్చేసింది.

రోజు 8038

పనిలో కూర్చోకముందే సంగతి చెప్పాను. కూర్మన్న నోరు తెరిచాడు.

“అప్ప సంగంలో ఉన్నాదా? మరి మనం ఎవుల్ని అడుగుతాం?”

“నన్నే. నేను కూడా నన్నే అడుగుతాను. ఇద్దరం కలిసి లేదంటాం” అన్నాను.

అందరూ పైడితల్లి వైపు చూశారు. రాసింది ఆవిడే మరి. ఆవిడ బ్రష్షు ముళ్ళలో ఇరుక్కున్న పోగు ఒకటి నిదానంగా లాగి పారేసింది. తర్వాత నా మొహంలోకి చూసి, “అలవాటులో రాసీసినట్టున్నాను. అలాగే ఉండనీండి” అంది.

సంఘం రాగానే యజమాని చెయ్యాల్సినవి గుమస్తా అచ్చు వేసి ఇచ్చింది. సంఘానికి తలుపున్న గది, దానికి సొంత గాలి. కార్యదర్శికి, అంటే పైడితల్లికి, వారంలో ఒక రోజు సంఘం పని, ఆ రోజు బ్రష్షు పట్టరాదు. ఫిర్యాదులు వినడానికి ‘వినేవాడు’ ఒకడు. వాడు రోజంతా కుర్చీలో ఉండాలి, చేతికి వేరే పని తగలరాదు, యజమాని కాకూడదు, సంఘ సభ్యుడు కాకూడదు. అన్నీ నెలాఖరులోగా అమర్చాలి. 8060న లైసెన్సు మళ్ళీ రాస్తారు. అమర్చకపోతే రాయరు.

పెద్ద కంపెనీకి కూడా ఇదే కాగితం ఇస్తారు. అక్కడ నాలుగు వేలమంది. గదంటే ఒక మూల తెర కట్టడం. వినేవాడంటే ఎవరి బావమరిదికో ఒక కుర్చీ. నా కొట్టుకి వార్డు ఇచ్చే గాలి ఏడు పాళ్ళు. మనిషికొకటి చొప్పున అయిదు, గొట్టానికి ఒకటి, వెనక నేను ఉండే గదికి ఒకటి. ఎనిమిదో పాలు ఇవ్వరు. బయటి మనిషిని వినేవాడిగా తెస్తే వాడు ఊపిరి పీల్చకుండా వినాలి. ఉన్న నలుగురిలో ఒకరిని కూర్చోబెడితే సంఘంలో ముగ్గురే మిగులుతారు. నలుగురికి తక్కువైతే సంఘం చెల్లదు.

“ఇదంతా ఎవులు పెట్టారప్పా?” అని ఎర్నమ్మ అడిగింది.

“ఒకావిడ పెట్టింది. గది నిబంధన కోసం పళ్ళెం సొట్టలు పోయేదాకా వాయించింది. మేస్త్రీలు వినకుండా మాట్లాడుకోవడానికి ఒక తలుపు కావాలని ఏడ్చింది. అప్పుడావిడకి కొట్టు లేదు” అన్నాను.

అప్పలకొండ నవ్వాడు. నవ్వుతూనే లేచి గొట్టం దగ్గరికి వెళ్ళిపోయాడు.

రోజు 8041

నా గది ఇచ్చేశాను. ఇంకో దారి లేదు. మంచం మడిచి కుట్టుబల్ల కిందికి తోశాను. బట్టలు రెండు సంచుల్లో పట్టాయి. ముప్ఫై మూడేళ్ళు చంద్రుడి మీద బతికి సంపాదించినవి రెండు సంచులు. తేలిగ్గానే ఉన్నాయి. ఇక్కడ అన్నీ తేలికే.

కూర్మన్న తలుపు మీద ‘సంఘము’ అని రాశాడు. అక్షరాలు ఏటవాలుగా కిందికి జారాయి. నేను రుమాలుతో తుడిచి, తిన్నగా రాసిచ్చాను. యజమాని సంఘం వ్యవహారాల్లో వేలు పెట్టకూడదన్నాడు. సభ్యురాలిని పెట్టొచ్చు అన్నాను.

జల్లెడలు ముప్ఫై తొమ్మిది. ఎప్పుడూ నలభైకి తగ్గలేదు. ఒకటి ఎక్కడ తగ్గిందో అడిగితే పైడితల్లి తన లెక్కలో తగ్గిందంది. తనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

రోజు 8043

మొదటి సంఘం సమావేశం. నిన్నటిదాకా నా మంచం ఉన్న చోట అయిదుగురం మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాం. తలుపు మూశారు. నిబంధన ప్రకారం లోపల అన్నమాట బయటికి పోకూడదు. లోపల వరసలు పెట్టి పిలుచుకోకూడదు, అందరూ సభ్యులే.

కూర్మన్న గొంతు సవరించుకున్నాడు. “యజమాని ఎదరుండగా ఎలాగ మాటాడీది?”

“యజమాని ఎక్కడుంది? ఆవిడని బయట బల్ల దగ్గర వదిలేసొచ్చాను.”

“మరి నువ్వెవులు?”

“సభ్యురాలు వరహాలమ్మ. నాకూ ఫిర్యాదులున్నాయి, ముందు నావి రాసుకోండి. ఆ యజమాని మనిషి మహా గడుసుది. బ్రష్షుకి ముళ్ళన్నీ రాలి పుల్ల మిగిలేదాకా కొత్తది తియ్యదు. పైగా పిండి డబ్బా మూత తనే దాచి, అందరి మీదా చాటింపు వేసింది.”

“మూత తనే దాసిందా?” అంది ఎర్నమ్మ.

“కళ్ళారా చూశాను.”

ఎర్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కూర్మన్న నిజంగానే రాసుకున్నాడు. చాలా రోజులకి నాకు కూడా నవ్వొచ్చింది. ఈ సంఘం ఏదో బాగానే ఉంది, వారానికోసారి నన్ను నేను తిట్టుకోవచ్చు అనుకున్నాను.

నవ్వు ఆగాక ఎర్నమ్మ కళ్ళు తుడుచుకుని, “మూతలూ బ్రష్షులూ తరవాత. మావ సంగతి సెప్పండి” అంది.

వాళ్ళంతా మావ అని పిలిచే అప్పలకొండ తలుపు వైపు చూశాడు. గది చిన్నది, చూడ్డానికి ఇంకేమీ లేదు.

“నాను సెప్తాను” అంది పైడితల్లి. “ఎనిమిది నెలలనుంచి మావ దులుపుతున్నవి అయిదే. మిగతా అయిదూ నా బల్ల మీదికొస్తన్నాయి. మొన్న ఒకటి నా వల్ల కాలేదు.”

నేను ప్రతి వారం వాడి పేరు కింద పది అని వేస్తున్నాను.

“ఎందుకని?”

“దగ్గు.”

“నేనెప్పుడూ వినలేదే.”

“గొట్టం దగ్గరికెళ్ళి దగ్గుతాడు. ఆ హోరులో నీకేటి ఇనబడతాది?”

గొట్టం దగ్గరికి వాడు వెళ్ళినప్పుడల్లా నేనొక మాట అనేదాన్ని. ఏరా, అది నీ రెండో పెళ్ళామా, వదల్లేకపోతున్నావు అని. రోజుకి నాలుగైదు సార్లు అనేదాన్ని. వాడు చెయ్యి ఊపేవాడు. నోరు ఖాళీ లేక చెయ్యి ఊపేవాడని ఇవాళ తెలిసింది.

“నానే సెప్పొద్దన్నాను వరాలూ” అన్నాడు అప్పలకొండ. సభ్యులు, గిభ్యులు వాడికి పట్టలేదు. “నీకు తెలిస్తే అదే రోజు వార్డుకి రాయాల. రాస్తే ఛాతీ పరీచ్చ. పరీచ్చలో పోతే నన్ను కిందకి పంపీస్తారు. రాయకపోతే నీ కొట్టు లాగీసుకుంటారు. నీకు తెలకపోతే ఏటీ నేదు.”

కింద అంటే భూమి. ముప్ఫై మూడేళ్ళు ఇక్కడ గెంతుకుంటూ తిరిగినవాడు అక్కడ దిగితే, వాడి తల వాడికే ఆరు తలల బరువు. ఎముకలు ఆగవు. ఇద్దరు ముగ్గురిని అలా పంపారు. ఎవరూ మంచం దిగినట్టు కబురు రాలేదు.

“పరీక్ష బండి ఎప్పుడు?” అన్నాను.

“యాభై రెండో తారీకు. దుమ్ము పనోళ్ళందరికీ” అన్నాడు కూర్మన్న.

తొమ్మిది రోజులు. మూడో కోరిక ఎవరి కోసం రాశారో అప్పటికి గానీ నాకు ఎక్కలేదు. యాభై అయిదు దాటినవాడు కొట్టులో వాడొక్కడే.

ఆ గదిలో ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది. పైడితల్లి వేళ్ళు ముడుచుకుంటూ మెల్లగా అంది, “వినేవోడి కుర్చీకి దుమ్ము నేదు. దుమ్ము నేని పనికి పరీచ్చ నేదు.”

“ఆ లెక్క నాను ఎప్పుడో వేసీసాను” అన్నాడు కూర్మన్న. “వినేవోడు సంగంలో ఉండకూడదు. మావ దిగిపోతే మేం ముగ్గురిమే. ముగ్గురికి సంగం నేదు. సంగం నేకపోతే వినేవోడూ నేడు.”

పైడితల్లి నా వైపు చూడలేదు. “సభ్యురాలు వరహాలమ్మని కలిపితే నలుగురం” అంది.

ఎదుటివాళ్ళ కుర్చీ కాలు కోసేసి, వాళ్ళు కూర్చునేదాకా ఎదురుచూడటం నా పద్ధతి. ఈసారి ఎవరో నా కుర్చీ కాలికి మేకు కొట్టి గట్టి చేసినట్టుంది.

“మరి వాడి పది ఎవరు దులుపుతారు?” అన్నాను.

“నువ్వు” అంది ఎర్నమ్మ.

“కుట్టు పనో? బండో?”

“అదీ నువ్వే. నీ కొట్టే గదా.”

చేతులెత్తమన్నారు. నాలుగు చేతులు లేచాయి. నాది ఆఖరున. అప్పలకొండ చెయ్యి ఎత్తలేదు, వాడికి కళ్ళనిండా నీళ్ళు. తలుపు తీసే ముందు కూర్మన్న అడిగాడు, “ఇప్పుడు యజమానికి తెలిసిపోయినట్టేనా?”

“ఎలా తెలుస్తుంది? ఆవిడ బయట ఉంది. లోపలి మాట బయటికి పోకూడదుగా” అన్నాను.

రోజు 8044

గుమస్తా దగ్గరికి అప్పలకొండ నియామకం కాగితం పట్టుకెళ్ళాను.

“యజమాని సంతకము” అంది. కుడి బొటనవేలు పెట్టాను.

“సంఘ సభ్యురాలి సమ్మతి” అంది. ఎడమ బొటనవేలు పెట్టాను.

పెట్టె లోపల ఏదో గిర్రున తిరిగింది. “ఒకే మనిషి” అంది.

“చేతులు రెండు” అన్నాను.

“నిబంధన లేదు” అంది. దాని గొంతులో కూడా అలసట వినబడింది, లేకపోతే నాకే అలా అనిపించింది.

కోరికలకి మూడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వమని గుర్తుచేసింది. కొట్టుకి వచ్చి నాకు నేనే ఉత్తరం రాసుకున్నాను. ‘సభ్యులకు, మీ కోరికలు అందినవి. బ్రష్షులు మార్చబడును, మూతి గుడ్డలు ఇవ్వబడును.’ సభ్యురాలిగా చదివాను. యజమాని మర్యాదస్తురాలే అనిపించింది.

రోజు 8049

ఇవాళ్టికి అయిదు రోజులుగా బ్రష్షు పడుతున్నాను. ఇరవై రెండేళ్ళ తర్వాత. బ్రష్షు పట్టడం చెయ్యి మర్చిపోలేదు, భుజం మర్చిపోయింది. పొద్దున దులపడం, మధ్యాహ్నం కుట్టడం, ఆపైన బండి. మడతమంచం కుట్టుబల్ల కింద విప్పితే తల బల్లకి తగులుతోంది. కొట్టంతా దుమ్ము వాసన, నా తలగడకి కూడా అదే వాసన.

అప్పలకొండ కుర్చీలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. వాడికి వచ్చిన మొదటి ఫిర్యాదు కూర్మన్నది. ‘కొత్తగా చేరిన సభ్యురాలు దులిపిన జల్లెడల్లో మూలలు శుభ్రంగా లేవు.’

“నిజమేనా వరాలూ?” అని అడిగాడు వినేవాడు.

“నిజమే.”

“ఇన్నాను” అన్నాడు. అంతవరకే వాడి పని.

రోజు 8052

పరీక్ష బండి వచ్చింది. తెల్లకోటు డాక్టరమ్మ, చేతిలో జాబితా. దుమ్ము పనివాళ్ళని వరసగా నిలబెట్టి ఛాతీకి పలక ఆనించింది. పైడితల్లి, కూర్మన్న, ఎర్నమ్మ. తర్వాత నేను. నాకు పరీక్ష జరిగి ఎన్నేళ్ళయిందో డాక్టరమ్మకి కూడా దొరకలేదు. పలక చూసి, “మీరు ఎక్కువ రోజులు ఈ పని చెయ్యకండి” అంది. చేసేవాళ్ళని ఎవరినైనా చూపించమన్నాను.

ఆవిడ కుర్చీ వైపు తిరిగింది. “వీరు?”

“వినేవాడు” అన్నాను.

“ఏం వింటున్నారండీ?”

“ఇంకా ఎవులూ పెద్దగా ఏటీ సెప్పలేదు తల్లీ” అన్నాడు అప్పలకొండ. వాడి మెడ మీద నరం ఉబ్బింది. నాకు తెలుసు, లోపల దగ్గు తలుపు తడుతోంది.

“ఆ గొట్టం ఆపండి, మాట వినబడటం లేదు” అంది డాక్టరమ్మ.

“ఆపితే దుమ్ము లేస్తాదమ్మా, తమరి తెల్లకోటు పాడైపోద్ది” అని ఎర్నమ్మ అడ్డం వచ్చింది.

పైడితల్లి అడక్కుండానే ఒక మురికి జల్లెడ తీసుకెళ్ళి గొట్టం మూతికి పెట్టింది. హోరు రెట్టింపైంది. అప్పలకొండ కుర్చీలోనే వంగి, చెప్పు సర్దుకుంటున్నట్టు తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వీపు నాలుగుసార్లు ఎగిరిపడింది. డాక్టరమ్మ జాబితాలో చూసుకుంటోంది. వాడి పేరు అందులో లేదు. కాగితం మడిచి వెళ్ళిపోయింది. చూసిందో లేదో చెప్పలేను.

దగ్గు తగ్గలేదు. జాబితాలో పేరు మాత్రం తగ్గింది.

రోజు 8058

ఈ వారం జల్లెడలు ముప్ఫై ఆరు. కూర్మన్నవి పది, ఎర్నమ్మవి పది. పైడితల్లివి ఎనిమిది, ఒక రోజు సంఘం పనికి పోయింది, ఎనిమిది నెలలు పదిహేనేసి దులిపిన భుజం కూడా మొరాయించింది. నావి ఎనిమిది, మూలలతో సహా. నలభై ఇళ్ళలో చివరి నాలుగూ వార్డువాళ్ళు పెద్ద కంపెనీకి ఇచ్చేశారు. అందులో ఒకటి నేను మొదటిసారి జల్లెడ తెచ్చిన ఇల్లు. ఆవిడ బండి చప్పుడు విని తలుపు తీసేది. నిన్న అలవాటుగా అటు తోసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తోసుకొచ్చాను.

లైసెన్సుకి వారానికి కావాల్సింది ముప్ఫై అయిదు. ఒక్క జల్లెడ దూరంలో బతుకుతున్నాం. ఎవరికైనా ఒకరోజు జ్వరం వస్తే కొట్టు మూతే. ఇలా నెలలు నడుస్తుందా, ఏళ్ళు నడుస్తుందా, నాకు తెలియదు. పైడితల్లిని అడిగితే, “ఈ వారం నడిసింది గదా” అంది.

రోజు 8060

లైసెన్సు రాశారు. గది చూశారు, కుర్చీ చూశారు, రెండు బొటనవేళ్ళూ చూశారు. ఏడాదికి ఇచ్చారు. కూర్మన్న తెచ్చిన బెల్లంముక్క అయిదుగురం పంచుకున్నాం. తింటూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళం కూర్చుండిపోయాం, లేచే ఓపిక లేక.

కొత్త నిబంధన ఒకటి ఉంది. సంఘం ఉన్న కొట్టులో ఈ పుస్తకం కార్యదర్శి కూడా చదివి, వేలిముద్ర వెయ్యాలి. రెండు గడులూ చదవాలి. రేపు పైడితల్లి చదువుతుంది. అందుకని ఒకటి సరిచేస్తున్నాను.

ముప్ఫై ఏడో తారీకు కింద పొరపాటు అని రాశాను. అలవాటుగా కాగితం మీదకి ‘మనము’ వచ్చేసిందని రాశాను. అది కల్పించి రాసింది. అలాంటి పొరపాటు ఎవరూ చెయ్యలేదు. కాగితంలో నాలుగు చోట్ల ‘మేము’, మూడు చోట్ల ‘మాకు’, గుండ్రటి అక్షరాల్లో శుభ్రంగా ఉన్నాయి. వార్డు ఆఫీసు మలుపులో బండి ఆపి, కుట్టుపని బ్లేడుతో ఏత్వాలూ దీర్ఘాలూ గీకి, ఏడు చోట్ల ‘న’ ఇరికించింది నేను. మంచి బుద్ధితో కాదు. తప్పుల కాగితమని గుమస్తా తిప్పి పంపుతుంది, మళ్ళీ రాసుకునేసరికి ఒక నెల గడుస్తుంది, ఈలోగా మీ వేడి చల్లారుతుంది అనుకున్నాను. ఆ నెల గడిచి ఉంటే అప్పలకొండ ఇప్పుడు ఎక్కడ ఉండేవాడో నాకు తెలుసు.

ఇంకొకటి కూడా ఉంది. ఇన్నేళ్ళూ మన కొట్టు అన్న మనుషులు, కాగితం మీద మేము అని రాసి నా చేతికే ఇచ్చారు. అది చదవలేకపోయాను.

నీకు ముప్ఫై ఎనిమిదో తారీకునే తెలుసు. నీ చేతిరాత నీకు తెలియదా. అందరి ముందూ నాదే తప్పన్నావు. నన్ను కాపాడటానికా, అప్పటికే నాతో కలిపి నలుగురని వేళ్ళ మీద లెక్క చూసుకునా అని అడగను.

పైడితల్లీ, నువ్వు రాసింది ‘మేము’. సరిగ్గానే రాశావు.